మన ఫోను ఈ-సిమ్‌కు పనికొస్తదా? ముందు మనమే చూసుకోవాలె

(సమాఖ్య వార్షికోత్సవ సభలో సోలాపూర్ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

నూలు రేటు గురించి, చద్దర్ల మార్కెట్ గురించి చెప్పేటందుకు నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నరు. నేను మన జేబులో ఉన్న ఫోను గురించి నాలుగు మాటలు చెప్త.

ఈమధ్య మా వదినకు ఒక ఫోన్ వచ్చింది. "మీ సిమ్ పాతదైంది. ఈ-సిమ్ చేసుకోకపోతే రాత్రికి నంబరు బంద్ అయితది. లింకు పంపుతున్న, నొక్కండి" అన్నడట. వదిన గాబరాపడి "మరిదీ, జర చూడు" అని పరుగున వచ్చింది. గాబరా ఎందుకుండదు? బీడీల మజూరీ జమైన మెసేజ్ ఆ నంబరుకే, బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే, గ్యాస్ బుకింగ్ ఆ నంబరుకే. నేను ఫోను తీసుకొని ఒక్క నంబరు కొట్టి చూసిన. ఆ ఫోనుకు అసలు ఈ-సిమ్ వసతే లేదు! "వదినా, ఇది నీ ఫోనుల పెట్టేటందుకు కాదు. నీ నంబరును వాని ఫోనుల పెట్టుకుందామని చూస్తున్నడు" అన్న.

ఈ-సిమ్ అంటే మనం చేత్తో పెట్టే చిన్న ముక్క కాదు. ఫోను తయారు చేసినప్పుడే లోపల బిగించిన చిప్పు. కంపెనీవాళ్లు మన నంబరు వివరాలను ఇంటర్నెట్ మీద ఆ చిప్పులోకి పంపుతరు. చిప్పు లేని ఫోనులో దాన్ని దుకాణంవాడు కూడ పెట్టలేడు. మగ్గం వెడల్పు చూడకుండ బీము తెచ్చుకుంటమా? ఇదీ అంతే, ముందు ఫోనును చూడాలె.

ఎట్ల చూడాలె? ఫోన్ చేసే చోట *#06# కొట్టండి. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్. కాల్ బటన్ నొక్కే పని కూడ లేదు. ఐఎంఈఐ అని 15 అంకెలు అన్ని ఫోన్లకు కనిపిస్తయి. దానితోపాటు ఈఐడీ అని 32 అంకెల పొడుగు నంబరు కనిపిస్తే లోపల ఈ-సిమ్ చిప్పు ఉన్నట్టు. ఆ అంకెలు ఫోన్ చేసి అడిగినవాళ్లకు ఎవ్వరికీ చెప్పకండి.

తర్వాత సెట్టింగ్స్‌లో కూడ ఒకసారి చూడండి. సామ్‌సంగ్ అయితే కనెక్షన్స్, అందులో సిమ్ మేనేజర్. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్‌వర్క్ లేదా సిమ్ కార్డులు అన్న చోట ఉంటది. అక్కడ 'యాడ్ ఈ-సిమ్' అని కనిపించాలె. ఐఫోనుల్లో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఈ వసతి ఉంది. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి పోతే ఈఐడీ కనిపిస్తది.

పేరు చూసి మోసపోవద్దు. చైనాలో అమ్మేటందుకు చేసిన చాలా ఐఫోనుల్లో, మోడల్ పేరు అదే అయినా, ఈ-సిమ్ ఉండదు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ ముక్క పెట్టే చోటే లేదు, అంతా ఈ-సిమ్మే. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోను పంపిస్తమంటే, అబౌట్‌లోనే 'క్యారియర్ లాక్' అన్న చోట 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందా అడగండి. తాళం ఉన్న ఫోనుల మన దేశం సిమ్ నడవదు. సెకండ్ హ్యాండ్ ఫోను కొనేటప్పుడు పైసలు ఇచ్చేకంటె ముందే ఇవన్నీ చూడాలె.

ఫోను పనికొస్తది అని తేలినా, మార్చుకోవాలెనా అన్నది వేరే మాట. మనిండ్లల్ల ఏమైతది? కార్ఖానాల ఫోను కిందపడి పగులుతది. సిమ్ తీసి ఇంట్లున్న బటన్ ఫోనుల వేసుకుంటం, పని నడుస్తది. ఈ-సిమ్‌ను అట్ల తీసి వేసుకోలేము. ఇంకో ఈ-సిమ్ ఫోను కావాలె, కంపెనీ నుంచి మళ్లీ తెప్పించుకోవాలె. కాబట్టి చేతిలోని ఫోనే కాదు, ఇంట్లో ఉన్న రెండో ఫోను కూడ చూసుకొని నిర్ణయం తీసుకోండి. నా మాటైతే, బ్యాంకుకు కలిపిన నంబరు మామూలు సిమ్‌లోనే ఉండనియ్యండి. రెండో నంబరును ఈ-సిమ్ చేసుకుంటే నష్టం లేదు.

మార్చుకోవాలనుకుంటే మనమే కంపెనీ దుకాణానికి పోవాలె, లేదా కంపెనీ సొంత యాప్‌లో అడగాలె. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి లింకు పంపితే నొక్కవద్దు, ఓటీపీ చెప్పవద్దు. కొత్త ఈ-సిమ్ మొదలైతే పాత సిమ్ ఆగిపోతది. మీరు ఏమీ చేయకుండనే సిగ్నల్ మొత్తం పోయి, తిరిగి రాకపోతే, 'రేపు చూద్దాం' అనకండి. వెంటనే ఇంకొకరి ఫోనుతో కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. పైసలు పోయినయి అని తెలిస్తే 1930కి ఫోన్ చేయండి.

ఈ రోజు ఇంటికి పోయినంక ఒక్క పని చేయండి. ఇంట్లున్న అన్ని ఫోన్లల్ల *#06# కొట్టి, దేనికి ఈఐడీ ఉంది, దేనికి లేదు అని కాగితం మీద రాసి పెట్టుకోండి. అవ్వకు, బాపుకు కూడ చూపించండి. రేపు ఎవడన్న ఫోన్ చేసి బెదిరిస్తే, వాళ్లే "మా ఫోనుల ఈ-సిమ్ లేదు బిడ్డా, పెట్టు" అని ఫోన్ పెట్టేస్తరు.