డెబ్బై ఆరో ఏట నాలుగు గుక్కలు

(గరివిడిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది సర్కారు వారి దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించీ, మన కరువుభత్యం బకాయిల గురించీ నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని వేరు. "రిటైరయ్యాక కొత్తగా తెలుసుకున్నది ఒకటి చెప్పండి, పది నిమిషాలు దాటకుండా" అన్నారు. యోగాసనాల గురించో, ఆన్‌లైనులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను చెప్పేది కొందరికి రుచించకపోవచ్చు. ఈ నెల మొదటివారంలో నేను బెంగుళూరులో బీరు తాగాను.

నవ్వకండి. ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఏ కార్యాలయంలో చేశానో మీలో సగం మందికి తెలుసు, తెలియనివారికి అక్కరలేదు. ఏటా సెప్టెంబరు వచ్చిందంటే సారా పాటల హడావుడి. అక్టోబరు 1 నుంచి కొత్త సంవత్సరం. పాటల నోటీసు, దుకాణాల జాబితా, కిస్తీల పట్టిక, ఇవన్నీ స్టెన్సిలు మీద టైపు చేసి సైక్లోస్టైలు తీయించినది నేను. నా టైపులో తప్పులుండవని పేరు. ఆ పేరుకు నేను గర్వపడేవాడిని కూడా.

మా అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఈ చుట్టుపక్కల మాంగనీసు గనుల్లో ముడిరాయి మోసే కూలీగా చేరి మేస్త్రీ అయ్యాడు. నన్ను ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివించినది ఆ మోత కూలే. సాయంత్రం దుమ్ము కడుక్కుని దుకాణం దగ్గర ఆగేవాడు. మొదట్లో గాజు గ్లాసు. 1980లలో వారుణి వాహిని వచ్చాక ప్లాస్టిక్ ప్యాకెట్టు, జేబులో వేసుకుని ఇంటికే తెచ్చుకోవచ్చు. 1986 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు, కళ్ళు పచ్చబడి పొట్ట ఉబ్బి పోయాడు. నలభై అయిదేళ్ళు. ఆయన ఆగే ఆ దుకాణం నేను టైపు చేసిన జాబితాలో ఉంది. వరుస సంఖ్య కూడా నాకు గుర్తే.

పదో రోజున మా వదిన నా చెయ్యి పట్టుకుని, "బావూ, నువ్వు ముట్టనని సెప్పు" అంది. చెప్పాను. దాదాపు నలభై ఏళ్ళు ఆ మాట మీద ఉన్నాను. ఆఫీసు విందుల్లో, పెళ్ళిళ్ళలో, మేడల మీద జరిగే చాటుమాటు పార్టీల్లో నా గ్లాసులో సోడాయే.

తర్వాతి చరిత్ర మీకు తెలిసినదే. 1991, 92లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా బందైంది. 1995 జనవరి 16న పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలింది. 1954లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం కూలిపోయినదీ ఈ మద్యనిషేధం తగువు మీదే. మన రాష్ట్రంలో ఈ ఫైలు ఎన్నడూ క్లోజు కాలేదు. 1993 సెప్టెంబరు నెలాఖరున నేను ఆ పాత జాబితాలన్నీ కట్టగట్టి రికార్డు రూముకు పంపాను. మా ఇంటికి సంబంధించినంత వరకు ఆ ఉత్తర్వు ఏడేళ్ళు ఆలస్యమైంది.

ఇక అసలు విషయం. మా అన్నయ్య మనవడికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఫుడ్ టెక్నాలజీ చదివి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. బిస్కట్ల కంపెనీ అని వాళ్ళ నాయనమ్మకు, అంటే మా వదినకు చెప్పాం. మీకూ అదే చెప్పాను. మీలో ఇద్దరు ముగ్గురు సంబంధాలు కూడా తెచ్చారు, క్షమించాలి. వాడు చేసేది బీరు. హోటలూ, బీరు తయారీ ఒకే కప్పు కింద ఉండే చిన్న కార్ఖానాలు అక్కడ చాలా ఉన్నాయి. మైక్రో బ్రూవరీ అంటారు. అందులో వాడు బీరు కాచే నిపుణుడు. తాత సారాతో పోయాడని వాడికి తెలియదు. గుండెపోటని చెప్పి పెంచాం. నాయనమ్మకు మనవడి సంగతి దాచాం, మనవడికి తాత సంగతి దాచాం. రెండు అబద్ధాల రికార్డు కీపరును నేనే.

విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. బెంగుళూరు చలి మన చలి లాంటిది కాదు. మనది తెల్లవారుజామున నెగడు దగ్గర కూర్చుంటే పోయే చలి, అక్కడిది రోజంతా సన్నగా పట్టుకునుండేది. మంకీ టోపీ, మఫ్లరుతోనే వాడి కార్ఖానాకు వెళ్ళాను. పాత అలవాటు కొద్దీ ముందు గోడకు తగిలించిన లైసెన్సు చదివాను. షరతులన్నీ చదివేదాకా వాడు ఓపికగా నిలుచున్నాడు.

వాడు ఆ రోజు చూపించినది బెల్జియం పద్ధతి గోధుమ బీరు. దాన్ని తెల్లబీరు అంటారట. సగం బార్లీ, సగం గోధుమ. బార్లీని మొలకెత్తించి ఎండబెడతారు, మన చోడి మాల్టుకు చోళ్ళు మొలకెత్తించినట్టే. గోధుమ మాత్రం మొలకెత్తించకుండా వేస్తారు, అందుకే అది వడకట్టని మబ్బురంగులో, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది. వేడినీళ్ళలో నానబెట్టి తీపి రసం దింపి, మరగబెట్టి, దించబోయే ముందు దంచిన ధనియాలు, ఎండిన నారింజ తొక్క వేస్తారు. వంద లీటర్లకు ధనియాలు నూరు గ్రాములకు అటూ ఇటూ. చల్లార్చి ఈస్టు కలిపితే వారం రోజుల్లో పులుస్తుంది. పులవడమంటే మనకు కొత్తా? చోడంబలి పులిసినదే, తరవాణి పులిసినదే.

దాని చరిత్ర కూడా చెప్పాడు. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊరు ఈ బీరుకు పేరు. అక్కడ చివరి కార్ఖానా 1957లో మూతపడితే, చిన్నప్పుడు అందులో చేతిసాయం చేసిన పియేర్ సెలిస్ అనే పాలవర్తకుడు 1960ల మధ్యలో తిరిగి మొదలుపెట్టాడట. పాలు పోసేవాడు ఒక ఊరి రుచిని నిలబెట్టాడు. నారింజ తొక్క డచ్చివాళ్ళ కురసావ్ దీవి నుంచి వచ్చేదట. మన భీమునిపట్నంలో సమాధులున్న డచ్చివాళ్ళే. పక్కనున్న జర్మనీలో బవేరియా ప్రభువులు 1516లో, బీరులో బార్లీ, హాప్స్ అనే చేదుపువ్వు, నీళ్ళు తప్ప మరొకటి వేయరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ జి.ఓ. ప్రకారం మావాడి ధనియాల బీరు నేరం. ఇది వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. గుమాస్తాను కదా.

ఇంతకంటే నన్ను ఆకట్టుకున్నది వాడి రిజిస్టరు. కంప్యూటరులో ఉన్నదానికి తోడు చేత్తో కూడా రాస్తాడు. ప్రతి కాపుకూ తేదీ, వేడి, ఎన్ని గంటలకు ఏది వేసినదీ, గుండ్రటి అక్షరాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ దస్తూరి చూసి నాకు ఆనందమూ, భయమూ ఒకేసారి కలిగాయి. నా స్టెన్సిలూ ఇలాగే తప్పులు లేకుండా ఉండేది.

"చిన్నతాతా, మీరు తాగరని తెలుసు. వాసన చూడండి చాలు" అని కుళాయి తిప్పి సగం గ్లాసు పట్టాడు. అక్కడ ఎండాకాలంలోనే ఎక్కువగా తాగే బీరట అది. చలికాలానికని ఇందులో రవ్వంత శొంఠి చేర్చానన్నాడు. మరీ చల్లగా ఉంటే రుచి తెలియదని గ్లాసును కాసేపు రెండు అరచేతుల మధ్య పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

నేను భయపడినది మత్తు గురించి కాదు. అన్నయ్య నోటి వాసన. ఆ ఆఖరి రెండేళ్ళు మంచం దగ్గర కూర్చున్నవాడికి ఆ వాసన మరపు రాదు. కళ్ళు మూసుకుని గ్లాసు దగ్గరకు తెచ్చుకున్నాను. వచ్చినది అది కాదు. జలుబు చేస్తే మా అమ్మ కాచే ధనియాల కషాయం. శొంఠి, పక్కనే కమలాపండు తొక్క విరిచినప్పటి ఘాటు. అమ్మ వంటింటి పొగ కూడా తగిలినట్టనిపించింది, అది నా ఊహే.

తాగాను. వదినకిచ్చిన మాట గుర్తుండే తాగాను, మరిచిపోయి కాదు. మొదటి గుక్కలో నురగే వచ్చింది, మీసానికి అంటింది. రెండోదానిలో తరవాణి పులుపు, కాల్చిన రొట్టె రుచి. మూడోదానిలో ధనియాలు, చివర నాలుక అంచున కొంచెం చేదు. నాలుగోది ఎందుకు తాగానంటే బాగుంది కనుక. బి.పి. మాత్రలు వేసుకునేవాడిని, అక్కడితో ఆపాను.

తర్వాత అరగంట ఏవో మాట్లాడుకున్నాం. గ్లాసు నా ముందే ఉంది. అడుగున మిగిలినది వెచ్చబడి, అంచున నురగ ఎండిపోయింది. ఎందుకో మళ్ళీ వాసన చూశాను. ధనియాలు పోయాయి, నారింజ పోయింది. సన్నగా, చాలా సన్నగా, అన్నయ్య ఉన్నాడు.

అప్పుడు వాడికి చెప్పేశాను. గుండెపోటు కాదురా అని మొదలుపెట్టి, దుకాణం, ప్యాకెట్టు, జాబితా, నా స్టెన్సిలు అంతా చెప్పాను. వాడు నా గ్లాసు తీసుకెళ్ళి తనే కడిగి బోర్లించి వచ్చాడు. "ఇది ముందే చెబితే నేను ఈ చదువు చదివేవాణ్ణి కాదనుకున్నారా?" అని అడిగాడు. అవునన్నాను. "చదివేవాణ్ణేమో తాతా. కానీ తెలిసి చదివేవాణ్ణి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు. ఇందులో ఉన్నది నూటికి అయిదు పాళ్ళేనని, సారాతో పోలిక లేదని వాడు వాదించవచ్చు. వాదించలేదు. అందుకు వాడంటే నాకు గౌరవం పెరిగింది. మనం దాచినది మాత్రం వాడి మేలు కోసం కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. నా జాబితా బయటపడకుండా దాచుకున్నాను, అంతే.

ఇంటికి వచ్చిన మర్నాడే వదిన దగ్గరకు వెళ్ళాను. ఎనభై ఏళ్ళ మనిషి, వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. మాట తప్పాను వదినా, నాలుగు గుక్కలు తాగాను అన్నాను. తర్వాత మనవడి ఉద్యోగం చెప్పాను.

"నాకు తెల్దేటి బావూ?" అంది, తల ఎత్తకుండానే. "గుంటడు ఒచ్చినప్పుడల్లా మన పెరటి ధనియాలు కిలోలకి కిలోలు పట్టుకెల్తాడు. బిస్కట్లకి ధనియాలెందుకని ఆడి సెల్లిని అడిగినాను. రెండేళ్ళయింది."

ఆ కమ్మని వాసన వదిన పెరటిదని నాకప్పుడు తెలిసింది. వాడూ నాతో చెప్పలేదు. మా ఇంట్లో అందరం దాచేవాళ్ళమే.

కాసేపటికి ఒకటే ప్రశ్న అడిగింది. "ఆడు తాగుతాడా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రుచి చూడాలి వదినా, అదే ఉద్యోగం" అన్నాను.

"దినామూనా?"

"దినామూనే. కొంచెం."

చాలాసేపు మాట్లాడలేదు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. నా నాలుగు గుక్కల గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి, "పండక్కి రమ్మను. మొకం సూత్తే నాకు తెలుస్తాది" అంది.

ఈ సంగతి సభలో చెప్పనా అని అడిగితే, చెప్పుకోమంది. అందుకే చెబుతున్నాను. సంక్రాంతి రైళ్ళలో టిక్కెట్టు దొరకడం లేదని మావాడు నిన్న ఫోను చేశాడు. బస్సులోనైనా సరే, భోగి నాటికి ఇక్కడ ఉండాలని చెప్పాను.

పది నిమిషాలు దాటినట్టున్నాయి.