తట్టి చూసి తెచ్చుకుందాం
(గత నెల మన గుడి సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మేమిద్దరం మీకు ఎప్పుడూ ప్రసాదం కౌంటర్ వెనకో, మైకు వైర్లు సర్దుతూనో కనిపించేవాళ్ళం. మైకు ముందుకు రావడం ఇదే మొదటిసారి. కొత్త ఇంటిని మట్టి వస్తువులతో ఎలా అలంకరించుకున్నారో చెప్పమని కమిటీ పెద్దలు అడిగారు. ముందు ఎలా చెడగొట్టుకున్నామో చెబితేనే మిగతాది అర్థమవుతుంది.

మూడేళ్ళ కిందట ఇల్లు కొన్నప్పుడు గోడలన్నీ తెల్లగా, అరలన్నీ ఖాళీగా ఉండేవి. ఒక శనివారం పెద్ద దుకాణానికి వెళ్ళి కుండీలు, గిన్నెలు, మూతల జాడీలు బండి నిండా తెచ్చి సర్దేశాం. ఫొటోల్లో ఇల్లు బాగానే ఉంది. తర్వాత ముగ్గురు స్నేహితుల ఇళ్ళకు వెళ్తే అవే జాడీలు, అదే వరసలో ఉన్నాయి!

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. ఈపూటకి అమ్మ అనే అందాం. సూట్‌కేసులో సగం బట్టలు, సగం ఆవకాయ. ప్లాస్టిక్ డబ్బాలో ఎందుకని, అరలో ఉన్న అందమైన జాడీలోకి మార్చేశాం. పది రోజులకు అర మీద గుండ్రంగా నూనె మరక పడింది. తీసి చూస్తే నూనె దిగిపోయి, పైముక్కలు ఎండి, బూజు పట్టి ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ మనిషి ఎండలో నిలబడి ఆరబెట్టి, కలిపి, ఇంత దూరం మోసుకొచ్చిన ఆవకాయని చెత్తబుట్టలో పోశాం.

అమ్మ కోప్పడలేదు. కడిగిన జాడీని వేలి కణుపుతో తట్టింది. మొద్దు శబ్దం వచ్చింది. "తట్టి చూడకుండానే కొన్నార్రా?" అంది, అంతే. జాడీని బోర్లించి చూస్తే అడుగున చిన్న అక్షరాలతో "అలంకరణకు మాత్రమే" అని ఉంది. చదవకపోవడం మా తప్పే.

తక్కువ వేడిలో కాల్చిన మట్టిలో కంటికి కనపడని రంధ్రాలు మిగిలిపోతాయి. నీళ్ళ కుండకి అదే మంచిది. నీరు మెల్లగా చెమర్చి, ఆవిరై, లోపలి నీళ్ళు చల్లబడతాయి. పచ్చడి జాడీకి అదే శత్రువు. జాడీ మట్టి వేరు, కాల్చే వేడి వేరు. దాదాపు 1,200 నుంచి 1,300 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆ మట్టి రాయిలా బిగుసుకుంటుంది. తడితే ఖంగుమంటుంది. మన పెద్దవాళ్ళు సంతలో కుండని తట్టి కొనేది అందుకే. పగులున్న కుండ మోగదు.

తర్వాత మేము సీగ్రోవ్ వెళ్ళాం. మన ట్రయాంగిల్ నుంచి కారులో గంటకు పైగా ప్రయాణం. చిన్న ఊరు. చుట్టుపక్కల పదుల సంఖ్యలో కుండలు చేసేవాళ్ళున్నారు. 705 నంబరు రోడ్డు పొడవునా వాళ్ళ బోర్డులే. 1700ల నుంచీ ఆ ప్రాంతంలో ఈ పని సాగుతోంది. ఇక్కడి పాతకాలపు జాడీల మెరుపు ఉప్పుతో వచ్చింది. ఆవం బాగా కాలాక అందులోకి ఉప్పు వేస్తారు. ఆ ఆవిరి మట్టిలోని ఇసుకతో కలిసి గాజు పొరగా మారుతుంది. బత్తాయి తొక్కలా గరుగ్గా ఉంటుంది. వాటిలో ఈ ఊళ్ళవాళ్ళు ఏం దాచుకునేవారో తెలుసా? ఉప్పులో ఊరేసినవి, పచ్చళ్ళు! మనకు కొత్త ఊరేమీ కాదనిపించింది.

అక్కడ ఒంటరిగా చిన్న షెడ్డులో పనిచేసే ఒకావిడ దగ్గర ఆగాం. కప్పుల ధర చూసి, "ఆరు తీసుకుంటాం, తగ్గిస్తారా? ఆరూ ఒకేలా కావాలి" అన్నాం. ఆవిడ నవ్వి మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ మోకాలెత్తు పెంకుల గుట్ట ఉంది. ఆరేటప్పుడు బీటలిచ్చినవి, కాలేటప్పుడు వంగినవి, మెరుపు సరిగ్గా రానివి. మట్టి పిసికి, సారె మీద తీసి, రోజుల తరబడి ఆరబెట్టి, ఒకసారి కాల్చి, పూత పూసి, మళ్ళీ కాల్చి, ఆవం చల్లారేదాకా ఆగితే అప్పుడు తెలుస్తుంది నిలిచిందో లేదో. మేం రాసే ప్రోగ్రాములో తప్పు దొరికితే సరిచేసి సాయంత్రానికి మళ్ళీ పంపొచ్చు. కాలిన మట్టికి ఆ వీలు లేదు. ఆ గుట్ట ఖర్చు కూడా కప్పు ధరలోనే ఉంది. ఇక బేరం ఆడలేదు.

ఆవకాయ సంగతి చెప్పాం. ఎంత ఉప్పు, ఎంత నూనె, ఎన్ని నెలలు ఉంచుతారు అని వివరంగా అడిగారు. ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి సుమారు పదో వంతు తగ్గుతుందని లెక్కవేసి కొలత రాసుకున్నారు. ఆరు వారాలకు జాడీ వచ్చింది. అప్పటికి అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. వీడియో కాల్‌లో ఫోను దగ్గర పెట్టి తట్టాం. "ఇంకోసారి కొట్టు" అంది. మళ్ళీ తట్టాం. "ఈసారి వచ్చేటప్పుడు తెస్తాలే" అంది.

ఇప్పుడు మా ఇంట్లో వస్తువులు తక్కువ. కిటికీ దగ్గర ఒక కుండీ, బల్ల మీద ఒక పెద్ద గిన్నె, వంటింట్లో జాడీ, రోజూ తాగే కప్పులు. చుట్టూ కాస్త ఖాళీ ఉంటేనే చేతిపని కనిపిస్తుంది.

మీరు కొనేటప్పుడు మూడు అడగండి. తినే వస్తువులకు పనికొస్తుందా? పూతలో సీసం లేదు కదా? ఓవెన్‌కి, డిష్‌వాషర్‌కి తట్టుకుంటుందా? అడుగు తిప్పి చూడండి. పూత లేని అడుగు చెమర్చవచ్చు కాబట్టి చెక్క బల్ల మీద కింద చిన్న పలక పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేడి ఓవెన్‌లో పెట్టకండి.

తిరుమలలో స్వామికి రోజూ పెరుగన్నం కొత్త మట్టి ఓడులో నివేదిస్తారని మన పెద్దలు చెబుతారు. బంగారు పూలతో పూజించిన తొండమాన్ చక్రవర్తి కన్నా మట్టి పూలు సమర్పించిన కుమ్మరి కురువనంబి భక్తికే స్వామి మెచ్చాడన్న కథ మన పిల్లలకీ తెలుసు. ఆ కథ చెప్పే మనమే కుమ్మరి దగ్గర బేరమాడితే ఎలా?

చివరగా ఒక విన్నపం. ఈ కార్తీక దీపాలకు డబ్బాల్లో వచ్చే ప్రమిదల బదులు, మన దగ్గరలో చేతితో చేసేవాళ్ళ దగ్గర చేయించుకుందాం. వారాల పని కాబట్టి ఇప్పుడే చెప్పాలి. ఎవరింటికి ఎన్ని కావాలో ప్రసాదం కౌంటర్ దగ్గర మాకు చెప్పండి. రాసుకుంటాం. వచ్చాక మీరే తట్టి చూసుకుని తీసుకోండి. పూత లేని ప్రమిదల్ని ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే నూనె తక్కువ పీలుస్తాయి. ఇదీ అమ్మ చెప్పిందే.