గురుగ్రహపు చంద్రులు

పంచాంగము చూచు పెద్దలకు గురుడు క్రొత్తవాడు కాడు. ఆయన ఏ రాశియందున్నాడో, మౌఢ్యమెన్నడో, ఈ యేడు పుష్కరము ఏ నదికో వారు నోటనే చెప్పగలరు. కాని గురునిచుట్టు తిరుగు చంద్రులను గూర్చి మన పంచాంగములలో ప్రసక్తి లేదు. వట్టి కంటికి అవి అందకపోవుటయే ఇందులకు కారణము. నేటి ప్రసంగము ఆ ఉపగ్రహములను గూర్చి. ముఖ్యముగా వానిలో ఒకదానిని గూర్చి.

1610వ సంవత్సరము జనవరి 7వ తేదీ రాత్రి, ఇటలీదేశమందలి పాదువా నగరమున గెలీలియో అను పండితుడు తాను నిర్మించుకొనిన దుర్భిణిని గురునివైపు త్రిప్పెను. గ్రహముచెంత మూడు చిన్న చుక్కలు ఒకే వరుసలో కనబడెను. మఱునాటి రాత్రికి అవి స్థానము మాఱియుండెను. కొలది దినములలో నాలుగవదియు కనబడెను. ఇవి నక్షత్రములు కావనియు, గురుని చుట్టివచ్చు చంద్రులనియు ఆయన నిశ్చయించెను. ఆకాశమందలి సమస్తమును భూమిచుట్టే తిరుగుచున్నదని ఆనాటి ఐరోపా పండితులలో పెక్కుమంది నమ్మియుండిరి. భూమితో పనిలేక వేఱొక గ్రహమును చుట్టుచున్న గోళములు కంటికి కనబడగా ఆ నమ్మకమునకు గట్టి దెబ్బ తగిలెను.

ఆ నాలుగింటికి అయో, యూరోపా, గానిమీడు, కాలిస్టో అని పేర్లు. గానిమీడు బుధగ్రహముకంటెను పెద్దది. కాలిస్టో అన్నిటికంటె దూరముగా, సుమారు 17 దినములకొక ప్రదక్షిణము చేయును. తక్కిన మూటికిని నడకలో చక్కని పొత్తు కలదు. అయో నాలుగు చుట్లు తిరుగునప్పటికి యూరోపా రెండు చుట్లు, గానిమీడు ఒక చుట్టు తిరుగును. ఈ పొత్తువలన అయో మార్గము ఎన్నటికిని పూర్తి వృత్తము కాజాలదు. అది గురునికి ఒకప్పుడు చేరువగను, ఒకప్పుడు దూరముగను పోవుచుండును. గురుని ఆకర్షణ ఆ ప్రకారమే హెచ్చి తగ్గి, గోళమునంతటిని నొక్కి విడుచుచుండును. ఇనుపతీగను త్రుంచవలసినపుడు మనము దానిని ఒకేచోట అటునిటు వంచుదుము గదా; వంచినచోట వ్రేలు పెట్టినచో చుఱుక్కుమనును. అయో గర్భములోని వేడియు ఇటువంటిదే.

ఈ వేడికి అయో లోపల కరగిపోయి యుండవలెనని ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్కకట్టి 1979 మార్చి 2వ తేదీన ప్రకటించిరి. అమెరికావారి వాయేజరు అను వ్యోమనౌక అదే నెల 5వ తేదీన గురుని సమీపించెను. 8వ తేదీన అది పంపిన చిత్రములో, అయో అంచున గొడుగువలె పైకి లేచిన పొగను లిండా మొరాబిటో అను ఉద్యోగిని గుర్తించెను. అది అగ్నిపర్వతము. లెక్క అచ్చయి వారమైనను తిరుగకముందే సాక్ష్యము దొరకినది.

ఇక యూరోపా సంగతి. ఇది మన చంద్రునికంటె కొంచెము చిన్నది, పైనంతయు మంచు. అయోను వేడిచేయు ఒత్తిడియే కొంత తగ్గి దీనికిని కలదు. అట్లయిన మంచుక్రింద నీరుండునా? మన యూళ్లలో నూయి త్రవ్వుటకు ముందు జలము చూపువారిని పిలుతురు. అచ్చట చూపువారును లేరు, త్రవ్వువారును లేరు. శాస్త్రజ్ఞులు వేఱొక ఉపాయము పన్నిరి.

రాగితీగ చుట్టయొద్ద అయస్కాంతమును కదల్చినచో తీగలో విద్యుత్తు పుట్టును. సైకిలు దీపమును వెలిగించు డైనమో చేయుపని ఇదియే. అట్లు పుట్టిన విద్యుత్తు తనచుట్టు తానును స్వల్పమైన అయస్కాంతబలమును కల్పించును. గురుగ్రహము మహా అయస్కాంతము. దాని అయస్కాంతపు టిరుసు, గ్రహము తిరుగు ఇరుసునుండి కొంచెము ఒరిగియున్నది. అందుచే యూరోపాపై పడు అయస్కాంతబలములో ఒక భాగము సుమారు 11 గంటల కాలములో దిక్కు మాఱి తిరిగి మొదటికి వచ్చుచుండును. యూరోపాలో విద్యుత్తు ప్రసరించు పదార్థమేదైన ఉన్నచో, అదియు తీగచుట్టవలె పనిచేసి, అదే తాళమునకు దిక్కు మాఱు ప్రతిబలమును పుట్టింపవలెను.

1995 డిసెంబరులో గురునికడకు చేరిన వ్యోమనౌకకు గెలీలియో పేరే పెట్టిరి. అది యూరోపా ప్రక్కగా పలుమాఱులు పోవుచు ఈ బలమును కొలిచెను. 2000 జనవరిలో గురుని బలము వెనుకటికి విరుద్ధమైన దిక్కున నున్న సమయము చూచి పోగా, యూరోపా ప్రతిబలమును దిక్కు మాఱియే కనబడెను. గడ్డకట్టిన మంచులో విద్యుత్తు అంతగా ప్రసరింపదు, ఉప్పునీటిలో ప్రసరించును. మంచుక్రింద ఉప్పుసముద్రమున్నదను అభిప్రాయమునకు ఇది ముఖ్యాధారము. భూమిమీది సముద్రములన్నిటికంటెను అందు నీరెక్కువని అంచనా. మంచుపొర మందమును గూర్చి మాత్రము పండితులలో ఏకాభిప్రాయము లేదు.

నీరున్నదన్న మాట వినగానే అందు జీవులున్నవని వ్రాయువారు కలరు. అది తొందరపాటు. ఏ జీవియు నేటివఱకు అచ్చట కనబడలేదు. అయినను లేవని ఎవరు చెప్పగలరు? ఈ సందేహమునకే శాస్త్రజ్ఞులు గొప్ప గౌరవమిచ్చిరి. గెలీలియో నౌకలో ఇంధనము తరుగగా, అది దారితప్పి ఎన్నడైన యూరోపాపై పడవచ్చుననియు, దానితో వచ్చిన భూలోకపు సూక్ష్మజీవులు ఆ నీటిని మలినపఱచవచ్చుననియు వారు శంకించిరి. 2003 సెప్టెంబరు 21వ తేదీన ఆ నౌకను బుద్ధిపూర్వకముగా గురుగ్రహమున పడవేసి నాశనము చేసిరి. పరుల చెఱువు పాడగునని తన బండిని తానే తగులబెట్టుకొనువాడు లోకమున అరుదు.

ఇప్పుడు రెండు నౌకలు మార్గమధ్యమున నున్నవి. ఐరోపావారి జ్యూసు 2023 ఏప్రిలులో బయలుదేరినది; అది 2031లో చేరి, పిమ్మట గానిమీడును చుట్టవలసియున్నది. అమెరికావారి యూరోపా క్లిప్పరు 2024 అక్టోబరు 14వ తేదీన బయలుదేరి 2030 ఏప్రిలునకు చేరవలెను. అది యూరోపాపై దిగదు. సుమారు 50 పర్యాయములు చేరువగా పోవుచు, మంచులోనికి రేడియో తరంగములను పంపి, తిరిగివచ్చు వానిని పట్టి చూచును. మంచునుండి తిరిగివచ్చు తరంగము వేఱు, నీటినుండి వచ్చునది వేఱు. ఆ పొర ఎంత మందమో అప్పటికి తెలియవచ్చును.