యూదుల శాఖలు – భోజన పంక్తి



క్రీస్తు కాలపు యూదుల శాఖలను గురించి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును కోరారు. సిద్ధాంతాల పట్టిక చదివితే మీకు నిద్ర వస్తుంది. మనది పల్నాడు గనుక పంక్తి భోజనం దగ్గర మొదలుపెడతాము. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాపమీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడని, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూచుకున్నాడని మన పెద్దలు చెప్పుకున్నారు. కారంపూడి వీరుల తిరునాళ్లలో ఆ చాపకూడు నేటికీ ఉన్నది. ఎవరు ఎవరితో తింటారన్నది ఈ సీమలో వట్టి వంటింటి సంగతి కాదు. యెరూషలేములోనూ అంతే.

సద్దూకయ్యులు ప్రధాన యాజక కుటుంబాలవారు, కలిగినవారు. వ్రాయబడిన ధర్మశాస్త్రమే ప్రమాణమన్నారు, పునరుత్థానము లేదన్నారు. యేసు దినములలో ప్రధాన యాజకుని నియమించేదీ తొలగించేదీ రోమా అధిపతే గనుక ఆయనతో సర్దుకొనిపోయారు. ఈ లోకమే బాగున్నవారికి మరో లోకంతో పనేమి? ఇది మా ఊహ మాత్రమే సుమా.

పరిసయ్యులకు మన ప్రసంగీకులు అన్యాయం చేశారు. మేమూ చేశాము. ఆ పేరును వేషధారికి తిట్టుగా వాడుతున్నాము. నిజానికి సామాన్య జనుల మన్నన వారికే ఉండేది. యాజకుడు దేవాలయములో పాటించే శుద్ధి ప్రతి ఇంటి భోజనానికీ రావాలన్నది వారి పట్టుదల. మార్కు 7వ అధ్యాయంలో చేతులు కడుగుకొనుటను గురించిన వాదం అక్కడిదే. హేరోదు కాలంలో కైసరుకు, రాజుకు విధేయులమని ప్రమాణం చేయమంటే 6000 మందికి పైగా పరిసయ్యులు చేయలేదని జోసీఫస్ వ్రాశాడు. క్రీ.శ. 70లో దేవాలయము కూలిన తరువాత సద్దూకయ్యులు కనుమరుగైనారు. యూదుమతము నిలిచినది ముఖ్యంగా పరిసయ్యుల బాట పట్టిన రబ్బీల వలననే. అయినా ఆ శుద్ధి ఒక గోడ కూడా కట్టింది. సుంకరులతో భోజనమేమిటని అడిగినదీ వారే.

ఎస్సేనులు 4000 మందికి పైచిలుకు. ఆస్తి ఉమ్మడి, భోజనం ఉమ్మడి. వినడానికి చాపకూడువలెనే ఉన్నది గాని, సుమారు మూడేండ్లు పరీక్షలో నిలిస్తేనే ఆ పంక్తిలో చోటు! 1947 మొదలుకొని కుమ్రాను గుహలలో దొరికిన చుట్టలు వీరివేనని చాలామంది పండితుల అభిప్రాయము.

క్రీ.శ. 6లో రోమీయులు జనసంఖ్య వ్రాయించినప్పుడు గలిలయుడైన యూదా తిరుగబడ్డాడు. దేవుడు తప్ప వేరొక ప్రభువు లేడని, పన్ను కట్టుట దాస్యమని అతని వాదము. జెలోతే అనే మాటకు ఆసక్తిపరుడని అర్థము. తరువాత రోమాపై కత్తి పట్టినవారికి అది పక్షము పేరైనది.

ఇప్పుడు శిష్యుల పేర్లు చూడండి. జెలోతే అనబడిన సీమోను ఉన్నాడు, సుంకరియైన మత్తయి ఉన్నాడు. సీమోను పేరుకు తగ్గవాడే అయితే, పన్ను వసూలు చేసిన చేతి ప్రక్కన తన చేయి పెట్టి ఒకే రొట్టె తిన్నాడన్నమాట. మొదటి రోజు ఆ ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారో సువార్తికులు వ్రాయలేదు.

మా చిన్నతనంలో ఒక గ్రామ సంఘంలో క్రిస్మసు విందుకు రెండు పంక్తులు వేశారు. ఇటు మాలపల్లెవారు, అటు మాదిగపల్లెవారు. అన్నం మాత్రం ఒకే గుండిగలోది. ప్రార్థన చేసిన పెద్దాయన ఏ పంక్తిలో కూర్చున్నాడో మాకు జ్ఞాపకమున్నది. మేమెక్కడ కూర్చున్నామో కూడా జ్ఞాపకమున్నది. మావారి పంక్తిలోనే.