రంగము కత్తి



మన నక్కపల్లి, పాయకరావుపేట ప్రాంతములలోని పెద్దలకు “రంగము” అను మాటను విడమర్చి చెప్ప నక్కఱలేదు. రంగమనగా రంగూను, రంగూననగా బర్మాదేశమంతయును. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ రేవులలో పొగయోడలెక్కి మన తాతలు అచ్చట మూటలు మోయుటకును, బియ్యపుమిల్లులలో పనిచేయుటకును పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు తెలుగువారిని కోరంగీలనిరి. 1931 జనాభాలెక్కనాటికి రంగూను పురజనులలో సగమునకు మించి భారతీయులే. అట్లు పోయి వచ్చినవారి యిండ్లలో నేటికిని ఒక టేకుపెట్టెయో, లక్కపూత పూసిన గిన్నెయో, అచ్చటచ్చట దూలమునకు వ్రేలాడు పొడుగుకత్తియో కనబడును. ఆ కత్తిని గూర్చియే నేటి నా ప్రసంగము. ఇంటనున్న పాతకత్తి పనికివచ్చునదో కాదో యెట్లు తెలియును? క్రొత్తది కావలసినవాడు ఎచ్చట వెదకవలెను?

బర్మావారు దానిని “దా” అందురు. కూర తరుగు కత్తియు దాయే. అడవి కొట్టు కత్తియు దాయే. రాజభటుని ఖడ్గమును దాయే. పొడుగుదాకు వాదర ఒకవైపుననే యుండును. వెన్ను మెల్లగా వంగియుండును. చేతికి అడ్డుగా నిలుచు పళ్లెము మన కరవాలమునకున్నట్లు దీనికుండదు. పిడి గుండ్రనిది, రెండుచేతులు పట్టునంత పొడవుగలది. ఒరకు రెండు చెక్కబద్దలు కలిపి బెత్తపునారతోనో వెండికట్లతోనో బిగింతురు. కచ్చిను కొండవారి దా కొనయొద్ద వెడల్పగును. దాని యొర ఒకప్రక్క తెరచియే యుండును. జావావారి క్రిస్సు వేఱుజాతి. అది పొడుచుటకును, వంశధనముగా పూజించుటకును ఏర్పడినది; యునెస్కో సంస్థవారు 2005లో దానిని మానవజాతి వారసత్వసంపదగా ప్రకటించిరి. నఱకుటకు మాత్రము అది కొఱగాదు.

మన శాస్త్రకారులును ఖడ్గమును ఉపేక్షింపలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గలక్షణమునకు ఒక యధ్యాయమునే కేటాయించెను. ఉత్తమఖడ్గము ఏబది శాస్త్రాంగుళములు, అధమము ఇరువదియైదు. నేటి కొలతలో ఏబది శాస్త్రాంగుళములు మూడడుగులకు కొంచెము పైమాట. పొడుగుదా యించుమించుగా ఆ కొలతకే వచ్చును. నిష్కారణముగా ఒరనుండి తీయరాదనియు, అందు ముఖము చూచుకొనరాదనియు, దాని వెల చెప్పరాదనియు ఆయన నిషేధించెను. ఈ కడపటి నిషేధము పాతసామానుల వర్తకులకు రుచింపదు.

ఈ కత్తితో మనవారికి గల సంబంధము సుఖకరమైనది కాదని దాచిపెట్టుట న్యాయము కాదు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. ఓడసరకు గుత్తదారులు వారికి బదులు బర్మాకూలీలను పెట్టుకొనిరి. తీరా మనవారితో రాజీ కుదిరినంతనే బర్మావారిని పొమ్మనిరి. ఆకలిగొన్న యిద్దఱి నడుమ మే 26వ తేదీన రగిలిన చిచ్చులో నూఱుమందికి మించి మడిసిరి. చచ్చినవారిలో పెక్కుమంది మన కోరంగీలే. ఆ దినములలో వీథులలో మెఱసిన ఆయుధములలో దాయును ఒకటి. పిమ్మట 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై పడినవి. లక్షలాది జనులు కాలినడకను స్వదేశమునకు మరలిరి. ఏ కత్తిని చూచి పండ్రెండేండ్ల క్రిందట పరుగెత్తిరో, అదే కత్తిని కొందఱు ప్రోము నుండి టౌంగప్ కనుమమీదుగా అరకానునకు పోవు అడవిదారిలో తీగలు నఱకుటకును, వెదురు కొట్టుటకును చేతబట్టిరి.

అట్టి కత్తియే నా పూర్వశిష్యుని యింట నున్నది. వాని తాత 1942లో తెచ్చినది. మా వైపు గ్రామదేవత పండుగలో కఱ్ఱసాము, కత్తిసాము కలవని మీరెఱుగుదురు. “మాష్టారూ, ఈ యేడు మా తాత కత్తితోనే సాము చేస్తాను, తళతళలాడేటట్టు సాన పట్టించి పెడతారా?” అని వాడు నాయొద్దకు వచ్చెను. నేను కత్తిని చెవియొద్ద పెట్టుకొని మెల్లగా కదల్చితిని. పిడిలోపల టకటకమని సన్నని చప్పుడైనది. “నాయనా, ఇది పండుగకు పోరాదు” అంటిని.

కారణము చెప్పెదను. దా యొక్క అలుగునుండి పిడిలోనికి దిగు ఇనుపతోక మిగుల పొట్టిది; పిడి కొసదాక పోదు. దానిని పట్టియుంచునది చీల కాదు, లక్క. పిడి రంధ్రములో లక్కపొడి నింపి, తోకను వేడిచేసి దింపినచో లక్క కరగి, చల్లారినపిమ్మట గట్టిగా కఱచుకొనును. ఇది లోపము కాదు. క్రొత్తలక్క నెలవుననున్నంతకాలము ఆ పట్టు చక్కనిది. అయితే ఎనుబదియేండ్లు దూలమున వ్రేలాడి, ఎండలకు ఎండి, వానలకు చెమ్మగిల్లిన లక్క పెళుసెక్కి పొడియగును. అట్టి కత్తిని గిరగిర త్రిప్పిన అలుగు పిడినుండి ఊడి బాణమువలె పోవును. పండుగలో చుట్టును నిలుచువారు పసిపిల్లలు. కావున పాతకత్తికి మొదటి పరీక్ష వాదర కాదు, పిడి.

దీనికి మందు మనయొద్దనే కలదు. వరాహానదీతీరమున ఏటికొప్పాక లక్కపిడతలను ఎఱుగనివారెవరు? అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి లక్కపూయు ఆ పనివారికి లక్క యేవేడికి మెత్తబడునో చేతివ్రేళ్లకే తెలియును. పిడిని విప్పి మరల లక్కవేయించుటకు ఆ చేయి తగినది. కాని మంట అలుగునకు సోకరాదు. తోకయందే వేడి నిలువవలెను. అలుగు కాలినచో పదును చచ్చును.

పదునను మాటను ఇచ్చట కొంచెము వివరింపవలెను. దుక్కికి తగిన చెమ్మను పదునందుము. కొలిమిలో కాచి ముంచి తెచ్చు గట్టితనమును పదునే యందుము. ఱాతిపై నూరిన వచ్చునది వాడి. వాడిని ఎవడైనను ఒకపూటలో తేగలడు. పదును పోయినదానిని మరల తెచ్చుటకు కమ్మరి కావలెను. మంచి దాలో వాదర గట్టిగను వెన్ను కొంత మెత్తగను ఉండును. అందువలననే దెబ్బకు విఱుగక, మొద్దుబాఱక నిలుచును. నేటి కరెంటు సానయంత్రమునకు పాతకత్తి నిచ్చితిమా, వాదరపై నీలిచాఱ తేలును. అచ్చట పదును పోయినదన్నమాటయే. వెండిపొదుగు పనియున్నచో అదియును అరగిపోవును. మెత్తనిగుడ్డకు కిరసనాయిలు తడిపి తుప్పు తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా పూసిన చాలును. కొబ్బరినూనె వలదు, కాలక్రమమున బంకగట్టును.

శిష్యునకు క్రొత్తకత్తి వలసియుండెను. నగరపు దుకాణములలో గోడకు తగిలించు కత్తులు చూచివచ్చెను. అవి తుప్పుపట్టని ఉక్కుతో తళతళలాడును, పిడిలో సన్ననిచువ్వను అదికియుందురు. ఒక్క గట్టిదెబ్బకు చువ్వ విఱుగును. థాయిలాండులో మన అయోధ్య పేరుగల అయుధ్యలో ఆరణ్యికు కత్తులని ప్రసిద్ధములు కలవు. వియెన్‌తియాన్ నుండి వచ్చిన కమ్మరుల సంతతివారు నేటికిని అచ్చట కొలిమి నడుపుచున్నారు. కాని పరదేశమునుండి ఖడ్గము తెప్పించుటకు 1959 నాటి ఆయుధచట్టముక్రింద అనుమతిపత్రము వలయును. తుదకు పాతకత్తినే కొలతకు చూపి, కొడవళ్లు చేయు మన కమ్మరినే ఆశ్రయించితిమి.

ఆ వృద్ధుడు దానిని రెండుచేతులపై తూచి, “మాష్టారూ, బరువంతా పిడిదగ్గరుంచి కొనకి పలచన చేసేడు. పనోడే చేసేడిది” అనెను. పిమ్మట, “ఠాణాలో అడిగి కాగితం తెచ్చినాకే కొలిమి రాజేస్తాను” అనెను. అది ఉచితమే. తొమ్మిదంగుళములకు మించిన అలుగు ఇంటిపనికిగాని సేద్యమునకుగాని ఏర్పడినది కానిచో చట్టము దానిని ఆయుధముగా నెంచును. కాగితము వచ్చినది. లారీ కమానుపట్టీని సాగగొట్టి, నీటిలో ముంచిన పగులునని నూనెలో ముంచి, మరల సన్ననిసెగపై గడ్డివన్నె వచ్చువఱకు కాచెను. ఆకురాయి వెన్నును గీరినది, వాదరమీద జాఱిపోయినది. సాముకత్తికి వాడి అక్కఱలేదు గనుక అంచు మొద్దుగానే యుంచెను. తోకను మాత్రము పిడి కొసదాక దింపి అచ్చట మడచివేసెను. “లక్క మీద నమ్మకముంది గాని, పిల్లల మీద లేదు” అని నవ్వెను.

తాత కత్తి మరల దూలమునకే పోయినది. దానిని కొనవచ్చిన వర్తకుడు రెండుమారులు తిరిగిపోయెను. నూఱేండ్లు దాటిన పురావస్తువును ప్రైవేటువారు దేశము దాటింపరాదని 1972 నాటి చట్టము చెప్పుచున్నదనియు వానికి గుర్తుచేసితిమి. శిష్యునిచేత ఒక అట్టముక్కపై తాతపేరును, వచ్చిన సంవత్సరమును, నడచిన దారిని వ్రాయించి ఒరకు కట్టించితిని. మీ యిండ్లలో అట్టివి యున్నచో, చెప్పగలవారు ఇంక బ్రదికియుండగనే వ్రాయించి కట్టుడు. సెలవు.