ఆయుధపు బొమ్మ పలికిన ఙకారం

బోర్డు మీద గీసిన ఈ చైనా అక్షరాన్ని చూడండి. ఈనాడు బీజింగులో దీన్ని ‘వో’ అంటారు, అర్థం ‘నేను’. సుమారు 3,200 ఏళ్ల కిందట, షాంగ్ రాజుల కాలంలో, పశువుల ఎముకల మీదా తాబేటి డిప్పల మీదా చెక్కిన పాత రూపం ఇదిగో, దీని పక్కనే గీశాను. పొడవాటి కర్ర, దాని కొసన అడ్డంగా పళ్లున్న అలుగు. అదొక ఆయుధం.

ఆయుధం ‘నేను’ ఎలా అయింది? ఆయుధం పట్టి తనవాళ్లను కాపాడుకునేవాడే ‘నేను’ అని కొందరు కథ చెబుతారు. ఆ కథను నేను ఒప్పుకోను. ‘నేను’, ‘మేము’ అనే మాటలకు బొమ్మ గీయడం ఎవరి తరం? అందుకే అదే పలుకు ఉన్న ఆయుధపు బొమ్మను అరువు తెచ్చుకున్నారు. ఆ ఎముకల మీదే అది ‘మేము’, ‘మా’ అనే అర్థంలో కనిపిస్తుంది. అసలు అర్థం క్రమంగా మరుగునపడింది.

మరి ఆ పలుకేమిటి? 601లో లూ ఫాయెన్ ‘ఛియెయున్’ అనే ప్రాసల నిఘంటువు కూర్చాడు. ఆ సంప్రదాయంలో ఒక అక్షరం ఎలా పలకాలో చెప్పడానికి తెలిసిన అక్షరాలు రెండు ఇస్తారు. మొదటిదాని తొలి హల్లుకు, రెండోదానిలో తొలి హల్లు పోగా మిగిలినదాన్ని కలుపుకోవాలి. మన ఆయుధానికి ఇచ్చినవి ‘ఙు’, ‘ఖా’. కలిపితే ‘ఙా’! అక్షరమాల వల్లించేటప్పుడు తప్ప మనం మాట మొదట ఎన్నడూ పలకని ఆ ఙకారమే. హాంకాంగులో నేటికీ ‘ఙో’ అనేవాళ్లున్నారు. వియత్నాంలో ‘ఙా’, జపాన్‌లో ‘గ’. బీజింగు నోట మాత్రం ఆ హల్లు జారిపోయింది.

ఇదంతా ఈ గుండుగొలను సభలో ఎందుకంటారా? 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడి రాజధాని పేరును మూడు చైనా అక్షరాల్లో రాసుకున్నాడు. నేటి బీజింగు తీరులో చదివితే అది ‘పింగ్‌ఛీలువో’, ఏ ఊరో పోల్చుకోలేం. ఆయన కాలపు ఉచ్చారణలో చదవండి, దాదాపు ‘బెంగిల’. మన వేంగి వినబడుతోంది కదా! అది ఏలూరు పక్కనున్న పెదవేగి అని చరిత్రకారులలో చాలామంది అభిప్రాయం. ఆంధ్రదేశంలో ఇరవైకి పైగా సంఘారామాలు, మూడు వేలమందికి పైగా భిక్షువులు ఉన్నారనీ, ఇక్కడి మాట మధ్యదేశపు మాటకు వేరనీ, రాత మాత్రం దాదాపు ఒకటేననీ ఆయన నమోదు చేశాడు.

ఆయన యాత్రాగ్రంథాన్ని మనం ఎక్కువగా ఇంగ్లీషు అనువాదాల్లోనే చదువుతున్నాం. ఈ సభలో కాలేజీ పిల్లలున్నారు. మీలో ఒక్కరైనా పాత చైనా ఉచ్చారణ నేర్చుకుని, ఆ పుస్తకంలోని మన ఊళ్ల పేర్లను తెలుగు చెవితో చదవాలని కోరుతున్నాను.