మాధవరము వీరులు – మన విధి

(తాడేపల్లిగూడెమున యువజనుల యెదుట మే మొనర్చిన యుపన్యాస పాఠము)



కొల్లేటికోట ముట్టడి కాలమున సేనాపతి కూతురు బలియయ్యెనని మన ప్రాంతమున నొక యైతిహ్యము గలదు. పేరంటాల కనమ యను కాలువ పేరే ఆ కన్యను నేటికిని స్మరింపజేయుచున్నది. శిలకంటె పేరు గట్టి స్మారకమని కొల్లేటివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ మాటనే మఱియొక విషయమున మీకు జ్ఞాపకము చేయ దలచితిమి.

తాడేపల్లిగూడెమునకు సమీపముననే మాధవరము గలదు. జనులు దానిని మిలిటరీ మాధవరమని పిలుతురు. 1914లోను, 1939లోను ఆరంభమైన ప్రపంచ సంగ్రామములు రెంటికిని ఆ యూరి బిడ్డలు తరలిరి. స్వతంత్ర భారత సైన్యమునను పెక్కు కుటుంబములవారు చేరుచున్నారు. నేలకొరిగిన వీరులకు ఆ గ్రామమున స్మారకము నిలిచియున్నది.

కొంద ఱిట్లు ఆక్షేపింతురు: ఆ రెండు యుద్ధములును పరప్రభుత్వము కొఱకు జరిగినవి గదా, జీతమునకై పోయి మడిసినవారికి దేశభక్తుల పూజ యేల? ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. ఆ యుద్ధములు మన సమ్మతితో ప్రకటింపబడినవి కావు. మొదటి సంగ్రామము ముగిసిన యేడాది తిరుగక మునుపే, 1919లో, మనకు లభించిన ప్రతిఫలము రౌలట్ చట్టమును, జలియన్‌వాలాబాగు హత్యాకాండయు. అయినను యుద్ధము చేయించినవారి దోషమును మడిసినవాని తలపై మోపుట న్యాయమా? రాజ్యము వారిది, రక్తము మనది. మొదటి సంగ్రామమున సుమారు 74,000 మంది, రెండవదానిలో సుమారు 87,000 మంది భారత సైనికులు ప్రాణములు విడిచిరి.

పరప్రభుత్వము వారి నెట్లు స్మరించినదో వినుడు. ఇరాకు దేశమున బస్రా స్మారకముపై అధికారుల పేళ్లు చెక్కబడినవి. సామాన్య భారతీయ సిపాయిలకు పేళ్లు లేవు. ఆయా పటాలముల క్రింద ఇంతమంది యను సంఖ్య మాత్రమే గలదు. శతాబ్దము గడచిన పిమ్మట, 2021లో, కామన్‌వెల్తు యుద్ధ సమాధుల సంఘము ఇట్టి వివక్షను ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. మంచిదే. కాని పరులను నిందించుటకు ముందు మనల మనము ప్రశ్నించుకొనవలదా? మన గ్రామములలో మన మెన్ని పేళ్లు నిలుపుకొంటిమి?

1947 తరువాత మడిసినవారికి ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకము ప్రారంభమైనది. అందు యోధుల పేళ్లను ఒక్కొక్కటిగా గ్రానైటు ఫలకములపై చెక్కినారు. అదియే సరియైన పద్ధతి. అయితే ఢిల్లీకి అందఱును పోలేరు. మాధవరమునకు పోలేనివారు మనలో నెవరు?

కావున మా మనవి యిది. ప్రతి డిసెంబరు 7వ తేదీ సాయుధ దళాల పతాక దినము. ఆనాడు ఆ స్మారకమునకు పొండు. పూదండ వేసి, ఛాయాచిత్రము తీయించుకొని మరలి వచ్చిన చాలదు. ఊరి వృద్ధుల చెంత కూర్చుండుడు. పోయినవాని పేరేమి, పటాల మేది, ఏ దేశమున నొరిగెను అని అడుగుడు. పెట్టెలలో దాచిన పతకములను, పింఛను కాగితములను చూపుమని వేడుడు. అన్నియు వ్రాసికొని పాఠశాలలో భద్రపఱచుడు. మీ మీ గ్రామములలోను ఇట్లే చేయుడు. ఈ పని వాయిదా వేయదగినది కాదు. ఎఱిగినవారు ఒక్కొక్కరే రాలిపోవుచున్నారు.

తల్లి పెట్టిన పేరును అంకెగా మార్చినవారు పరులు. ఆ అంకెను మరల పేరుగా పలుకవలసినవారము మనమే.